గ్లాసు మీద గీత ఏదీ?

పెట్రోలు బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్ర తెప్పించి, మన కళ్ళముందే కొట్టి చూపించమని అడగొచ్చు. బస్టాండు పక్కన వైన్ షాపులో అమ్మే క్వార్టరు సీసా మీద 180 ఎమ్మెల్ అని అచ్చేసి ఉంటుంది. కానీ అద్దాల మేడలో, మెరిసే ట్యాంకుల పక్కన కూర్చోబెట్టి పోసే క్రాఫ్ట్ బీరుకి మాత్రం చాలాచోట్ల కొలత ఉండదు. "పైంట్" ఉంటుంది. పైంట్ అంటే ఎంతండీ అని అడిగితే మనల్నే వింతగా చూస్తారు.

సూటిగా చెప్పేస్తున్నా. ఎన్ని ఎమ్మెల్లో చెప్పకుండా పైంట్ అని అమ్మడం మోసం. చిన్న మోసమే, కానీ మోసమే.

మా ముగ్గురిదీ పాత చిత్తూరు జిల్లా. నాది పుంగనూరు, ఒకడిది మదనపల్లె, ఇంకొకడిది కుప్పం. ముగ్గురం బెంగళూరులో కోడు రాసుకుని బతుకుతున్నాం. పోయిన నెల కొత్తగా తెరిచిన ఒక బ్రూపబ్బుకి వెళ్ళాం (పేరు అనవసరం, ఈ జబ్బు ఒక్కరిది కాదు). మెనూలో గోధుమ బీరుకి నారింజ తొక్క వాసన వస్తుందని, స్టౌట్‌లో కాఫీ రుచి తగులుతుందని నాలుగేసి లైన్ల కవిత్వం రాశారు. ఎంత పోస్తారో ఒక్క అంకె లేదు. వెయిటర్‌ని అడిగితే "500 ఉంటుంది సార్" అన్నాడు. అతని పైవాడు వచ్చి "అమెరికన్ పైంట్ సార్, 470" అన్నాడు. చివరికి మేనేజరు వచ్చి "మన దేశంలో పైంట్ అంటే 330యే కదా సార్" అని నవ్వాడు. ఒకే గ్లాసు, పది నిమిషాలు, మూడు కొలతలు!

కుప్పం వాడు మాటల మనిషి కాదు. సీలు తీసిన అర లీటరు నీళ్ళ బాటిల్ తీసుకుని ఖాళీ గ్లాసులోకి వంచాడు. గ్లాసు అంచుదాకా నిండిపోయింది, బాటిల్లో ఇంకా ఐదో వంతు నీళ్ళు మిగిలాయి. అంటే అంచుదాకా పోసినా 400. ఆ పైన రెండు వేళ్ళ మందం నురగ ఎటూ ఉంటుంది. "చూడబ్బా, 500 యాడుండాది ఇందులో?" అన్నాడు.

అసలు పైంట్ అనే మాటకే ఒక విలువ లేదు. బ్రిటన్లో 568 ఎమ్మెల్. అమెరికాలో 473. ఆస్ట్రేలియాలో ఎక్కువ చోట్ల 570, అదే సౌత్ ఆస్ట్రేలియాలో అడిగితే 425. మన సీసా పైంట్ 330. ఆ మాటకొస్తే మన క్వార్టరు కూడా క్వార్టరు కాదు. నాలుగు క్వార్టర్లు కలిపితే 720, ఫుల్లేమో 750. కాకపోతే సీసా మీద అంకె ఉంటుంది కాబట్టి పేరు ఏదైనా మనకి నష్టం లేదు. యూనిట్ సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో మన ఫీల్డు వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చింది, అవతలిది న్యూటన్ల లెక్క అనుకుంది, 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గల్లంతైపోయింది. ఇక్కడ గల్లంతయ్యేది మన జేబు, అంతే తేడా :)

మన తాతల కాలంలో శేరు ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉండేది. ఆ గోల వదిలించుకోవడానికే 1956లో చట్టం చేసి దేశమంతా లీటర్లు, కిలోలు తెచ్చుకున్నాం. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 11వ సెక్షన్ కూడా అదే చెబుతుంది, ధర చెప్పేటప్పుడు ప్రామాణిక కొలతల్లోనే చెప్పాలని. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2011లో. బీర్ క్లబ్‌తో బెంగళూరులో బ్రూపబ్బుల కథ మొదలైందీ ఆ ఏడాదే. మరి శేరుని సాగనంపింది పైంట్‌ని తెచ్చుకోవడానికా?

దీనికి మా మదనపల్లె వాడి వాదన: "ఇంత జీతం తెచ్చుకుంటూ వంద ఎమ్మెల్‌కి రచ్చ ఏంట్రా? ఇది గటగటా తాగేది కాదు, ఆస్వాదించేది."

ఒరే నాయనా, చిన్న గ్లాసు తప్పని ఎవరన్నారు? జర్మనీలో కొలోన్ నగరంలో కోల్ష్ బీరు 200 ఎమ్మెల్ సన్న గ్లాసులోనే పోస్తారు. ఆ గ్లాసు మీద గీత ఉంటుంది, బీరు గీత దాకా రావాలి, నురగ దాని పైన. బ్రిటన్లో పైంట్ అంటే ముద్ర ఉన్న గ్లాసులో పోయాల్సిందే. మా పుంగనూరు ఆవు పొట్టిదే, ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్నే ఒంగోలు ఆవని చెప్పి అమ్మితే మాత్రం తంతారు.

ఇంకో సంగతి. మా నాన్న పొద్దున్నే పాలు పోసి వస్తాడు. అక్కడ పాలు కొలుస్తారు, శాంపిల్ తీసి వెన్న శాతం చూస్తారు, ఎస్ఎన్ఎఫ్ చూస్తారు, చీటీ చేతికిస్తారు. వెన్న కాస్త తగ్గితే రేటు తగ్గుతుంది. ఎవరూ "పెద్దాయనా, పాలని ఆస్వాదించాలి గానీ కొలవకూడదు" అనరు. రైతు దగ్గర కొనేటప్పుడు చుక్క లెక్క, మనకి అమ్మేటప్పుడు అనుభూతి లెక్క!

డబ్బు సంగతి పక్కన పెట్టండి. 5 శాతం బీరు 330 ఎమ్మెల్ తాగితే ఒంట్లోకి వెళ్ళే ఆల్కహాల్ సుమారు 13 గ్రాములు. 7 శాతం బీరు 568 తాగితే 31 గ్రాములు. రెండిటినీ పైంట్ అనే అంటాం. ఆ పెద్ద పైంట్ ఒక్కటే చిన్నవి రెండింటి కంటే ఎక్కువ! మన చట్టం ప్రకారం బండి నడిపేవాడి 100 ఎమ్మెల్ రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగినవాడు స్టీరింగ్ పట్టకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ శుక్రవారం రాత్రి "రెండే కదా" అని తాగి, తెల్లారి ఐదింటికి హొస్కోట, చింతామణి మీదుగా మదనపల్లెకి కారు తీసేవాళ్ళు మనలో లేరా? ముళబాగల్ మీదుగా పుంగనూరుకి వెళ్ళేవాళ్ళు లేరా? రాత్రిది దిగిందో లేదో లెక్కేసుకోవాలంటే ముందు ఎంత తాగాడో తెలియాలి కదా. ఆ రోడ్డు మీద ఎదురుగా వచ్చేది పాల క్యాన్లు కట్టుకున్న ఏ టీవీఎస్ ఎక్సెలో అయి ఉంటుంది.

అందుకే అడుగుతున్నా. మెనూలో ధర పక్కన ఎమ్మెల్, దాని పక్కన ఆల్కహాల్ శాతం, గ్లాసు మీద ఒక గీత. మూడే మూడు. నాలుగు లైన్ల కవిత్వం అచ్చేయించిన వాళ్ళకి ఈ రెండు అంకెలు బరువా? మనం కూడా సిగ్గుపడకుండా ప్రతిసారీ అడగాలి. కూరగాయల బండి దగ్గర వంద గ్రాములకి తక్కెడ వైపు కళ్ళు పెట్టి చూసే మనం ఇక్కడ మాత్రం నోరెత్తం, చీప్ అనుకుంటారని.

బిల్లు మాత్రం పైసలతో సహా లెక్కగట్టి వస్తుంది. దానికి "ఒక గుప్పెడు రూపాయలు ఇస్తాను, ఎన్నో అడక్కండి, ఆస్వాదించండి" అంటే ఆ మేనేజరు ఊరుకుంటాడా?