ఏటపాక కుర్రాడు ఎక్కడి లోకల్?

భద్రాచలం పక్కనే ఏటపాక. 2014కి ముందు రెండూ ఖమ్మం జిల్లాలోవే, డిగ్రీ కాలేజీలు వరంగల్ కాకతీయ యూనివర్సిటీ కింద ఉండేవి. విభజనప్పుడు ఏటపాక, చింతూరు ఆంధ్రాకెళ్ళాయి. అటు కాలేజీలకి ఇప్పుడు రాజమండ్రిలోని ఆదికవి నన్నయ యూనివర్సిటీ. భద్రాచలం టౌన్ మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. ఉమ్మడి అడ్మిషన్లకి విభజన చట్టమిచ్చిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఇక సొంతూళ్ళో చదువుకున్న కోయ కుర్రాడు, సైకిల్ మీద వెళ్ళే దూరంలోని కాలేజీకి నాన్‌లోకల్!

మన భాషలో చెప్పాలంటే, సరిహద్దుని హార్డ్‌కోడ్ చేసేశారు. సిలబస్, పరీక్షలు, సర్టిఫికెట్ యూనివర్సిటీ చేతిలో, సీట్ల లెక్క రాష్ట్రం చేతిలో. దూరం అనే పారామీటరే లేదు. పోలవరం కోసం గీత జరపగలిగినవాళ్ళు, ఈ మండలాల పిల్లల్ని రెండువైపులా లోకల్‌గా చూసే ఒక్క మినహాయింపు ఇవ్వలేరా? ఏమంటారు?