నలుగురూ అన్న మాట

మొన్న ఒక పెండ్లికి పోయి వస్తూ డోన్ జంక్షనులో గుంతకల్లు బండికోసం కాచుకొని కూర్చున్నాను. బండి గంట ఆలస్యమన్నారు. పక్క బెంచీమీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"వరసగా నాలుగు గొర్రెలు సచ్చినాయి మామా. ఆయమ్మ ఏందో చేసిందంట."

"ఎవురన్నారు?"

"ఊర్లో అందరూ అంటాండారు."

"ఆయమ్మకు చేనుందా?"

"బాట పక్కన రెండెకరాలుంది. దాని మింద దాయాదులతో తగాదా."

"మొదట అన్నది ఆ దాయాదులేనా?"

కుర్రవాడు జవాబు చెప్పలేదు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న 1692లో సేలంలో పెద్దలు అడిగి వుంటే ఇరవై ప్రాణాలు దక్కేవి.

సేలమంటే మన అరవదేశపు సేలం కాదు, అమెరికాలో మాసచూసెట్స్‌లోది. ప్యూరిటన్లనే నిష్ఠాపరుల వూరు. అక్కడ పాదిరీ ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురూ, పదకొండేళ్ళ మేనకోడలూ వున్నట్టుండి వంకర్లు తిరిగిపోసాగారు. మంత్రగత్తెల పనే అన్నారు. అంతకుముందే ఆ పాదిరీకి జీతం విషయంలో, వంటచెరకు విషయంలో వూరివారితో పేచీ వుంది. పొలాల హద్దులమీద కుటుంబాలకు పాత కక్షలున్నాయి. ఇక పేర్లకు కొదవేమిటి?

"ఆమె రూపం గాలిలో వచ్చి మమ్మల్ని గిల్లుతున్నది" అని పిల్లలు కేకలు వేస్తే, ఇతరుల కంటికి కనిపించని ఆ రూపాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకున్నది. డెబ్భయి ఒక్క యేళ్ళ రెబెకా నర్స్‌ను జ్యూరీ మొదట నిర్దోషి అన్నది. కోర్టులో గగ్గోలు లేచింది. మళ్ళీ ఆలోచించమన్నారు. ఈసారి దోషి అన్నారు, ఉరి తీశారు. మొత్తం పందొమ్మిదిమందికి ఉరి. ఒక ముసలాయనను రాళ్ళకింద నొక్కి చంపారు. నేరం ఒప్పుకొని ఆ మాటమీద నిలిచినవారు మాత్రం బ్రతికారు. అబద్ధమాడనన్నవారే చచ్చారు!

చివరకు పెద్ద పెద్దవాళ్ళ పేర్లుకూడా రావడం మొదలుపెట్టాక, అక్టోబరులో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు. నేరాలు మోపిన పిల్లలలో ఒకతె, ఆన్ పుట్నమ్, 1706లో చర్చిలో అందరిముందూ క్షమాపణ చెప్పుకున్నది. పోయిన ప్రాణాలు వస్తాయా?

అది వారి కథ, మనకేమని అనుకోకండి. బాణామతి, చిల్లంగి, చేతబడి మన మాటలే. మంత్రం పలకకుండా పళ్ళూడగొట్టిన ఘోరాలు మన తెలుగునేలమీద జరిగినవే. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ చంపివేశారు.

భయం నిజమే కావచ్చు. గొర్రె చావడమూ నిజమే. కాని ఆ భయానికి ఒక మనిషి పేరు తగిలించేవాడెవడో, అతనికి కలిగే లాభమేమిటో చూడాలి. "అందరూ అంటున్నారు" అన్న మాట వెనక మొదట అన్నవాడొకడు తప్పక వుంటాడు. వాడికి బలమిచ్చేది మంత్రం కాదు, మనం నోరు మూసుకొని వూరుకోవడం.

బండి వచ్చింది. పెద్దాయన మూట ఎత్తుకుంటూ అన్నాడు:

"అబ్బీ, ముందు పశువుల డాక్టరును పిల్సుకొని పో. ఆయమ్మ ఇంటికాడికి ఎవురన్నా పోతే అడ్డం నిలబడు. నేనూ రేపు వస్తా."