పాత ల్యాప్‌టాప్‌తో హోమ్ సర్వర్: లైనక్స్ రాకపోయినా పర్వాలేదు, బ్యాకప్ లేకపోతేనే కష్టం

ఫోన్‌లో "స్టోరేజ్ నిండిపోయింది" అనే మెసేజ్ చూడనివాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ ఉండరు. 2021 జూన్ 1తో గూగుల్ ఫోటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ ఆగిపోయింది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి ఫ్రీగా వచ్చేది 15 జీబీ మాత్రమే. ఇంట్లో చిన్న పిల్లలుంటే అది ఏ మూలకూ చాలదు.

మరోవైపు మా అటక మీద 2016 నాటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విండోస్ 11కి అది పనికిరాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అమ్మితే ఏమీ రాదు, పారేయడానికి మనసొప్పదు. అలా హోమ్ సర్వర్ ఆలోచన వచ్చింది. విండోస్ తప్ప ఇంకేమీ తెలియని నేను డెబియన్ లైనక్స్ వేద్దామని కూర్చున్నాను.

ఇలాంటి వీడియోల్లో "పది నిమిషాల్లో సర్వర్ రెడీ" అంటారు. ఇంకొందరు "ముందు లైనక్స్ పూర్తిగా నేర్చుకో, తర్వాత దిగు" అంటారు. నా దృష్టిలో రెండూ తప్పే. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన పొరపాటు చెప్పాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌కే తగిలించి ఉంది. లోపలి డిస్క్ 1 టీబీ, బయటిదీ 1 టీబీ. విండోస్‌లో అయితే సీ, డీ అని చూడగానే తెలిసిపోతుంది. ఇక్కడ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు వరుసలు కనిపించాయి. ఒకటి ఎంచుకున్నాను. "మార్పులు డిస్క్ మీద రాయాలా?" అని చివర్లో అడిగింది కూడా. అవును అని కొట్టేశాను. చెరిగిపోయింది ఎక్స్‌టర్నల్ డిస్క్. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు దాంట్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మా అక్కకి వాట్సాప్‌లో పంపిన కొన్ని మాత్రం దొరికాయి, అవీ సైజు తగ్గి, మసకబారినవే.

తప్పు డెబియన్‌ది కాదు. అది అడిగింది, నేను చదవలేదు. అయితే అసలు తప్పు ఆ బటన్ నొక్కడం కూడా కాదు. ఫోటోలు ఒకే చోట ఉంచుకోవడం. అది లైనక్స్ నేర్చుకుంటే పోయే తప్పు కాదు. అందుకే నేననేది: ముందు రెండో కాపీ, ఆ తర్వాతే సర్వర్.

ఇక లైనక్స్ సంగతి. మొదట్లో భయపెట్టేవి నిజానికి చిన్న విషయాలే. పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద చుక్క కూడా పడదు. కీబోర్డ్ పాడైందనుకుంటాం, కానీ అది అలాగే ఉంటుంది. ఇన్‌స్టాలేషన్‌లో రూట్ పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేయండి. అప్పుడే మీ మామూలు అకౌంట్‌కి సుడో అధికారం వస్తుంది. నేను పాస్‌వర్డ్ ఇచ్చేసి, సుడో ఎందుకు పనిచేయట్లేదో తెలియక ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఎంపికలో డెస్క్‌టాప్ టిక్ తీసేసి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి టిక్ పెట్టండి. ఆ తర్వాత మీ రెగ్యులర్ కంప్యూటర్ నుంచే అన్ని పనులూ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోకుండా లాగిన్‌డీ సెట్టింగ్‌లో ఒక లైన్ మార్చాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాసేటప్పుడు "నోఫెయిల్" అనే మాట చేర్చాలి, లేదంటే ఆ డిస్క్ తగిలించని రోజు మెషిన్ బూట్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఈ నాలుగైదు విషయాలు తెలిస్తే మొదలుపెట్టొచ్చు. మొదటి వారం ఒక్క పనే పెట్టుకోండి. సాంబాతో ఇంట్లో అందరికీ కనిపించే ఒక ఫోల్డర్ చాలు. అది నిలకడగా నడిచాక డాకర్, దాని మీద ఫోటోల కోసం ఇమ్మిచ్. సినిమాల కోసం జెల్లీఫిన్ కావాలంటే తర్వాత చూసుకోవచ్చు. బయటి నుంచి వాడుకోవాలని వెంటనే రౌటర్‌లో పోర్టులు తెరవొద్దు. మన దగ్గర చాలా కనెక్షన్లు సీజీన్యాట్ వెనక ఉంటాయి, అక్కడ తెరిచినా ఉపయోగం ఉండదు. టెయిల్‌స్కేల్ లాంటిది వాడితే పోర్టు తెరవకుండానే పని జరుగుతుంది.

డబ్బు మిగులుతుందా? నిజం చెప్పాలంటే అందరికీ కాదు. 15 వాట్లు వాడుకునే ల్యాప్‌టాప్ 24 గంటలూ నడిస్తే నెలకి 11 యూనిట్ల కరెంటు. పైగా రెండు హార్డ్ డిస్కులు కొనాలి. మీకు కావాల్సింది 100 జీబీ మాత్రమే అయితే క్లౌడ్ ప్లాన్ తీసుకోండి, అదే చవక. ల్యాప్‌టాప్‌లో ఒక లాభం మాత్రం ఉంది. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా మెషిన్ వెంటనే ఆగదు.

ఇప్పుడు మా ఇంట్లో ఫోటోలు మూడు చోట్ల ఉన్నాయి. సర్వర్‌లో ఒక కాపీ. రోజూ రాత్రి దానంతటదే ఎక్కే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఇంకోటి. మూడోది ఊళ్లో అమ్మవాళ్ల బీరువాలో ఉంటుంది. సంక్రాంతికి, దసరాకి వెళ్లినప్పుడు ఆ డిస్క్ మార్చుకొస్తాను. రాత్రి కాపీ అద్దంలా ఉంటే తప్పుగా డిలీట్ చేసిన ఫోటో అక్కడా పోతుంది, కాబట్టి పాత కాపీలు కొన్నాళ్లు ఉంచేలా పెట్టుకోండి. ఇమ్మిచ్‌లో ఫోటోలతో పాటు డేటాబేస్ కూడా బ్యాకప్ చేయాలి. లేదంటే ఫోటోలు ఉన్నా ఆల్బమ్‌లు, పేర్లు పోతాయి.

అంతా సెట్ చేసి గర్వంగా చూపిస్తే మా ఆవిడ ఒకటే అడిగింది: "మీరు ఊళ్లో లేనప్పుడు ఇది ఆగిపోతే నేనేం చెయ్యాలండీ?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే తెలుగులో ఒక పేజీ రాసి రౌటర్ పక్కన అంటించాను. ఏ బటన్ నొక్కాలి, ఏ డిస్క్‌లో ఏముంది, ఫోటోలు వెనక్కి ఎలా తెచ్చుకోవాలి అని. ఆదివారం నేను పక్కన కూర్చుని నోరు మెదపలేదు. తనే ఆ పేజీ చూస్తూ బ్యాకప్ నుంచి ఒక ఆల్బమ్ వెనక్కి తెచ్చింది. ఆ తర్వాతే ఫోన్లలో ఉన్న ఒరిజినల్స్ డిలీట్ చేశాం.

మీ అటక మీదా పాత ల్యాప్‌టాప్ ఉంటే ఈ ఆదివారం దించండి. కానీ ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టే ముందు, దానికి ఇంకే హార్డ్ డిస్క్ తగిలించి ఉన్నా వైరు పీకేయండి.