రాతిలో ప్రక్షిప్తం

చిన్నతనంలో ఒకసారి మా ఇంట అన్నమంతా కిరసనాయిలు వాసన వేసింది. నాన్నగారు కొట్టువాడి మీదికి బయలుదేరబోతే అమ్మ ఆపింది. బియ్యం బస్తా పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టింది మేమే మరి!

శాస్త్రజ్ఞులకూ ఇలాంటి చిక్కే వచ్చింది, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్ళతో. వాటి వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. అంత పాత రాతిలో ఎముకలూ గవ్వలూ వెతికి లాభం లేదు. ఆనాడున్నవి కంటికానని సూక్ష్మజీవులే. అవి బురదలో కలిసి, ఆ బురద రాయి అయ్యాక మిగిలేదేమిటి? కొవ్వు. నవ్వకండి. మనవంటి జీవుల కణాల చుట్టూ ఉండే పొరలో స్టెరాల్ అనే కొవ్వుజాతి పదార్థం ఉంటుంది. డాక్టరుగారు పేరెత్తి మనల్ని బెదిరించే కొలెస్టరాల్ ఈ కుటుంబంలోదే. కాలక్రమాన తక్కినవి ఊడిపోయినా, దాని కర్బనపు చట్రం స్టెరేన్ అనే పేరుతో రాతిలో నిలిచిపోతుంది.

1999లో సిడ్నీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న యోఖెన్ బ్రాక్స్, ఆయన సహచరులు పిల్బరా రాళ్ళను పొడిచేసి, ద్రావకాలతో కడిగి, స్టెరేన్లు దొరికాయన్నారు. బాక్టీరియాలలో స్టెరాల్ తయారుచేసేవి బహు అరుదు. కణంలో కేంద్రకం గల మన వంశపు జీవులకు అది మామూలు. అంటే మన వంశవృక్షపు మొదలు ఒక్కసారిగా కనీసం 50 కోట్ల ఏళ్ళు వెనక్కి జరిగిందన్నమాట! పైగా స్టెరాల్ తయారీకి ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ పెరిగిందేమో ఆ తరువాత సుమారు 30 కోట్ల ఏళ్ళకు.

ఇటువంటి చోటనే మా తెలుగు పంతుళ్ళకు అనుమానం పుడుతుంది. పాత కావ్యంలో మరీ కొత్త మాట కనబడితే, ఇది కవిది కాదేమో, ప్రతి వ్రాసినవాడు చేర్చిన ప్రక్షిప్తమేమో అనుకుంటాము. రాళ్ళకూ ఆ బెడద ఉంది: భూగర్భంలో పారే నూనె, తవ్వే యంత్రానికి పూసిన నూనె, రాయి దాచిన సంచి, ముట్టుకున్న చెయ్యి.

2008లో ఆ అనుమానమే నిజమైంది. కర్బన పరమాణువులలో బరువు కొద్దిగా తేడాగల రకాలున్నాయి. రాతిలో మొదటినుంచీ ఉన్న కర్బనంలో అవి ఏ పాళ్ళలో ఉన్నాయో చూస్తే, కడిగి తీసిన నూనె లెక్కతో పొసగలేదు. నూనె తరవాత చేరిందే! బయటి నూనె సోకకుండా నానా జాగ్రత్తలూ పడి కొత్తగా తవ్వి తీసిన రాళ్ళలో అసలు స్టెరేన్ల జాడే లేదని 2015లో తేలింది.

2008 నాటి వ్యాసకర్తలలో బ్రాక్స్ ఒకరు. తనకు పేరు తెచ్చిన పరిశోధనను తానే కొట్టివేశారు. మా వైపు కావ్య పరిష్కర్తలు తమ పాఠాన్ని ఇలా దిద్దుకోవడం నేను చూసింది తక్కువ.

ఆయన వెతకడం మానలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో 164 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో, ఇంకా పూర్తిగా స్టెరాల్ కాని తొలి రూపాల అవశేషాలు దొరికాయని 2023లో ఆయన బృందం ప్రకటించింది. అటువంటి తొలి రూపాలతోనే ఒకప్పటి జీవులు కాలక్షేపం చేసి ఉంటాయని, 1964లో నోబెల్ బహుమతి పొందిన కాన్రాడ్ బ్లోక్ ఎప్పుడో ఊహించారు. ఈ వార్త వినడానికి ఆయన లేరు, 2000లోనే పోయారు.