నాట్యశిబిరములు - గురుపీఠ మెవరిది?

నాట్యశిబిరము లనునవి యిటీవల మన నాట విరివిగా సాగుచున్నవి. వేర్వేరు సంప్రదాయములవారు పది పదునైదు దినము లొకచోట వసించి, కలసి యభ్యసించి, కడపట నొక ప్రదర్శన మిత్తురు. ఈ యేర్పాటును మేము మనసార మెచ్చుదుము. మహదేవపూరు వంటి యడవియంచు సీమకు అట్టి శిబిర మొకటి రావలెనని కోరువారిలో మేమును ఒకరము. అయినను సహకార మను పేర వీనియందు జరుగుచున్న దానిని సహకార మనుటకు మాకు నోరు రాదు.

మేము చూచిన యొక శిబిరమున నగరమునుండి వచ్చిన నర్తకులకు గదులును, పారితోషికమును, పత్రమున పేర్లును అమరియుండెను. మాదిగల నాశ్రయించి తరతరములుగా ఊరూర యక్షగానము లాడు చిందువారిని మాత్రము మూడవనాటి సాయంకాలమున పిలిపించిరి. వారు మొగమునకు రంగు పూసికొని, మద్దెలయు తాళములును మ్రోయ రెండు గడియ లాడిరి. చూచువారు చరవాణులతో పటములు తీసికొనిరి. వారికి భోజనము వేరుచోట! పంక్తిభోజనమును గూర్చి యిన్నేండ్లుగా వ్యాసములు వ్రాయుచున్న మన కది కంట బడలేదు. మరునాటి యభ్యాసమున వారి యడుగులే యితరుల పాదములయందు కానవచ్చెను; వారు మాత్రము ఆ రాత్రియే బస్సెక్కి యిండ్లకు పోయిరి. కడపటి పత్రమున వారిని గూర్చి యున్నది 'జానపద బృందము' అను రెండు మాటలే. పద్యము నపహరించినచో గ్రంథచౌర్య మందుము. అడుగు నపహరించినచో 'ప్రేరణ' యనవలెనా?

వారికి శాస్త్రము తెలియదందురు. ఈ మాట యనువారే పేరిణి పేరు చెప్పి గర్వించుట వింత. కాకతి గణపతిదేవుని గజసాహిణి యగు జాయప 13వ శతాబ్దమున నృత్తరత్నావళిని రచించుచు, ఎనిమిది యధ్యాయములలో నాలుగింటిని దేశి కొసగెను. పేరిణి, రాసకము, చర్చరి యన్నియు నందే యున్నవి. జనుల యాటను గ్రంథమున కెక్కించుట ఆ సేనానికి చిన్నతనముగా తోపలేదు. ఆట ముందు పుట్టినది. శాస్త్రము దానిని చూచి వ్రాయబడినది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి శిల్పములను, ఆ గ్రంథమును ఆధారముగా గొని పేరిణికి మరల ప్రాణము పోసిన నటరాజ రామకృష్ణగారు (2011లో దివంగతులైరి) రాతిబొమ్మలతో తృప్తి నొందలేదు. నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ వంటి కళావంతుల యెదుట శిష్యులై కూర్చుండి యభినయము నేర్చిరి. వారి పేర్లను దాచలేదు.

ఇచ్చట సంస్కారప్రియులమగు మన తప్పును గూడ నొప్పుకొనవలెను. దేవదాసీత్వమును మాన్పించుట న్యాయమే. 1947 నాటి మదరాసు శాసనమును మేము నిందింపము. కాని దురాచారముతోపాటు విద్యను గూడ వీధిలో పారవైచితిమి. బాలికను గుడి కప్పగింపరాదన్న నోటితోనే, ఆమె తల్లి నేర్చిన పదాభినయమును నీచమంటిమి. పిమ్మట ఆ యభినయమునే మన కూతుండ్రకు నేర్పించి సభలలో చప్పట్లు కొట్టితిమి. చిందువారియెడ నిప్పుడు మరల నదియే చేయుచున్నాము.

మా మహదేవపూరు దసలిపట్టుకు పేరు గన్నది. మద్దిచెట్లమీది పురుగులను పక్షుల బారి బడకుండ పగలెల్ల కాచువాని పేరు పట్టుచీర గట్టినవారి కెవరికిని తెలియదు. ఇది యన్యాయమే, కాని గూటినుండి తీసిన దారము కాచినవాడు లేకున్నను నిలుచును. అడుగు నిలువదు. అది వేయువాని కాలియందే యున్నది.

జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. సంతోషమే. బిరుదు ఢిల్లీనుండి వచ్చును. శిబిరమున ఉదయపు పాఠము చెప్పు పీఠము మాత్రము మన మీయవలసినది. మొదటినాటినుండి చిందువారు గురువులై యుండవలెను, తక్కినవారితో సమముగా పారితోషికము పొందవలెను. జాంబపురాణము వారికి పూజ్యము. దానిని ముక్కలు చేసి యాడవలదని వారన్నచో ఆడరాదు.

మాకు చేరువనున్న కాళేశ్వరమున, గోదావరీ ప్రాణహితల సంగమమున నొక శిబిరము పెట్టుదమని మిత్రు లిద్దరు మమ్మడుగుచున్నారు. సెలవులలో బడిగదు లిప్పించుటకు మేము పాటుపడుదుము. అయితే పత్రము అచ్చునకు పోకమునుపు మాకు చూపవలెను. గురువుల పట్టికలో చిందువారి పేర్లు, ఇంటిపేర్లతో సహా, లేనిచో తాళపుచెవులకై వా రింకొకరి నడుగుకొనవచ్చును.