చెడ్డ కబురు ముందుగా ఎవరికి చెబుతారు?



గత నెల తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక రాత పని ఇచ్చాను. సీరియళ్లలో, వెబ్ సిరీస్‌లలో మీరు చూసిన బాసుల్లో ఎవరి దగ్గర ఉద్యోగం చేయాలని ఉంది, ఎందుకు? ఒక పేజీ చాలన్నాను. వ్యాసం అనగానే అర పేజీతో సరిపెట్టే పిల్లలు కూడా రెండు పేజీలు నింపి ఇచ్చారు. తప్పులు దిద్దడానికి కూర్చున్నదాన్ని, ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదువుతూ ఉండిపోయాను. ఆ కాగితాల గురించే మీతో మాట్లాడాలి.

మీలో చాలామందికి టీవీ బాస్ అనగానే ఏసీపీ ప్రద్యుమన్ గుర్తొస్తారు. 1998లో సోనీలో మొదలైన 'సీఐడీ' 2018 దాకా నడిచింది. శివాజీ సాటమ్ గాల్లో వేళ్లు తిప్పుతూ ఏదో తేడాగా ఉందనడం, తలుపు పగలగొట్టమని దయాకు చెప్పడం హిందీ అంతగా రాని పిల్లలకు కూడా ఆటే. జెమినీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన 'అమృతం' చూసినవాళ్లకైతే అమృత విలాస్ హోటల్ గుర్తుండే ఉంటుంది. అమృతం, ఆంజనేయులు ఓనర్లు, వాళ్ల దగ్గర పనిచేసేవాడు సర్వం. ఆ హోటల్లో అసలు బాస్ ఎవరో నాకైతే ఎప్పుడూ తేలలేదు. ఇంటి ఓనరు అప్పాజీయేమోనని ఇప్పటికీ అనుమానం.

పిల్లల కాగితాల్లో ఎక్కువగా కనిపించిన పేర్లు వేరు. 'ది ఆఫీస్'లో మైకేల్ స్కాట్, 'టెడ్ లాసో'లో ఫుట్‌బాల్ కోచ్ టెడ్, 'బ్రూక్లిన్ నైన్-నైన్'లో కెప్టెన్ హోల్ట్. అన్నీ అమెరికా నుంచి వచ్చిన సిరీస్‌లే. వీటిలో పెద్దల జోకులు ఉంటాయి, టెడ్ లాసోలో బూతులు మరీ ఎక్కువ. మీ పిల్లల వయసుకు ఏది సరిపోతుందో పక్కన కూర్చుని చూసి మీరే తేల్చుకోవాలి. ఈ నెల నేను చెప్పదలచుకున్నది మాత్రం అది కాదు.

పిల్లలు మెత్తటి బాసుల్నే ఎంచుకుంటారని అనుకున్నాను. హోల్ట్‌ను ఇంతమంది కోరుకోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. 2013 నుంచి 2021 వరకు వచ్చిన ఆ సిరీస్‌లో ఆండ్రే బ్రౌయర్ వేసిన పాత్ర అది (ఆయన 2023లో చనిపోయారు). హోల్ట్ నవ్వరు. గొంతు పెంచరు. బ్రూక్లిన్ పోలీస్ స్టేషన్‌కు కొత్త అధికారిగా వచ్చీ రాగానే అందరూ టై కట్టుకోవాలంటారు. స్టేషన్లో అందరికంటే తెలివైన డిటెక్టివ్ జేక్ పెరాల్టా ససేమిరా అంటాడు. తాను స్వలింగ సంపర్కుడినని దాచుకోనందుకు హోల్ట్‌కు ఏళ్ల తరబడి స్టేషన్ బాధ్యత ఇవ్వలేదని మొదటి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. టై యూనిఫాం లాంటిదనీ, అది కట్టుకున్నవాళ్లంతా ఒక జట్టనీ జేక్‌కు అప్పుడు తడుతుంది. పొద్దున్నే గేటు దగ్గర టై కోసం జరిగే గొడవ మీకు తెలియనిది కాదు. అందులో హోల్ట్ పక్షాన నిలబడే పిల్లలు ఇంతమంది ఉన్నారని నేను ఊహించలేదు.

ఎందుకు ఆయనే? ఒక అమ్మాయి రాసినదాని సారాంశం ఇది. ఆయన దగ్గరికి వెళ్లి తప్పు చేశానని చెప్పవచ్చు. కోప్పడతారు. కానీ ఆ కోపానికి ఒక కొలత ఉంటుంది. ఇవాళ ఐదు నిమిషాలు కోప్పడే తప్పుకు రేపు అరగంట కోప్పడరు, నిరుటి తప్పును మళ్లీ తవ్వరు.

అది చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా క్లాసులో ఒక అమ్మాయి పక్కపిల్లతో ఊరికే మాట్లాడుతోందని మూడుసార్లు లేపి నిలబెట్టాను. నాలుగోసారి సీటు మార్చి చివరి బెంచీకి పంపాను. ఆ టర్మ్ అంతా ఆ పిల్ల నోరెత్తలేదు. క్రమశిక్షణ వచ్చిందని సంతోషించాను కూడా. పేరెంట్-టీచర్ మీటింగులో వాళ్లమ్మగారు చెబితే తెలిసింది, పిల్లకు బోర్డు కనిపించడం లేదట. పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునేదట. నాకు చెప్పడానికి భయం. నన్ను పిలిపిస్తారేమోనని ఇంట్లో చెప్పడానికి ఇంకో భయం. వాళ్ల నాన్నగారు నెలాఖరులో ఊరి నుంచి వచ్చి, టీవీకి అంత దగ్గరగా ఎందుకు కూర్చుంటున్నావని అడిగేదాకా విషయం ఎవరికీ తెలియలేదు. కళ్లజోడు పెట్టుకుని క్లాసుకు వచ్చిన రోజు నేనే చివరి బెంచీ నుంచి ముందుకు పిలిచాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఇప్పుడైతే అడిగేదాన్ని.

ఆ అమ్మాయి నా గురించి అప్పట్లో ఈ వ్యాసం రాసి ఉంటే నాకెన్ని మార్కులు వచ్చేవో నాకు తెలుసు.

ఇక మైకేల్ స్కాట్. 2005లో మొదలైన 'ది ఆఫీస్'లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్ అనే ఊళ్లో ఒక కాగితాల కంపెనీ బ్రాంచికి మేనేజర్. స్టీవ్ కారెల్ వేశారు. ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన బాస్ అని రాసి ఉన్న కప్పును తనే కొనుక్కున్న మనిషి. ఇతన్ని ఎంచుకున్న పిల్లలు అతని దగ్గర పని తక్కువ, నవ్వులు ఎక్కువ అని రాశారు. నిజమే. అతనిలో మంచి కూడా ఉంది. రిసెప్షనిస్ట్ పామ్ తన బొమ్మలు ఎగ్జిబిషన్‌లో పెట్టినప్పుడు ఆఫీసు వాళ్లు దాదాపు ఎవరూ రారు, వచ్చిన ఒకరిద్దరికీ అవి ఆనవు. అందరూ వెళ్లిపోయాక మైకేల్ వస్తాడు. ఆమె గీసిన ఆఫీసు బిల్డింగు బొమ్మ ముందు అబ్బురంగా నిలబడి, దాన్ని కొంటానంటాడు. పామ్ కళ్లు చెమరుస్తాయి. చిన్నప్పుడు స్టేజీ మీద డాన్స్ చేస్తూ జనంలో అమ్మానాన్నల కోసం వెతికిన ప్రతి ఒక్కరికీ ఆ సీను అర్థమవుతుంది.

కానీ మైకేల్‌కు రహస్యం చెప్పకూడదు. పామ్ అంటే ఇష్టమని జిమ్ ఒక బలహీన క్షణంలో అతనికి చెప్పుకుంటాడు. అది ఆఫీసంతా పాకడానికి ఎంతోసేపు పట్టదు. మైకేల్‌కు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, నోరు ఆగదు, అంతే. మనం నవ్వుతాం. నవ్వుకున్నాక మీ ఇంట్లో ఫోన్ సంభాషణ ఒకటి గుర్తు చేసుకోండి. పిల్లాడు రాత్రి పడుకునే ముందు చెప్పిన సంగతి, పొద్దున పిన్నికి ఫోన్లో "వీడు చూడవే, ఏమన్నాడో" అంటూ మీరు నవ్వుతూ చెబుతున్నప్పుడు వాడు పక్క గదిలో బూట్లు వేసుకుంటూ వింటున్నాడు. ఇంకోసారి రాత్రి మీకు ఏమీ చెప్పడు. కోపం ఒక్కటే పిల్లల నోరు మూయిస్తుందని అనుకుంటాం. ముద్దు కూడా మూయిస్తుంది.

మైకేల్ గురించి ఇంకొకటి. ఒక మూడో తరగతి పిల్లలకు, మీరంతా హైస్కూలు పూర్తి చేస్తే కాలేజీ ఫీజు నేనే కడతానని ఎప్పుడో మాటిచ్చి ఉంటాడు. పదేళ్ల తర్వాత ఆ పిల్లలు పాటలు పాడి, డాన్స్ చేసి అతన్ని సత్కరిస్తుంటే తన దగ్గర డబ్బు లేదని చెప్పాల్సి వస్తుంది. ఫీజుకు బదులు లాప్‌టాప్ బ్యాటరీలు ఇస్తాడు. చాలామంది ఆ ఎపిసోడ్ మళ్లీ చూడలేమంటారు, నేనూ అంతే. అక్కడ పదేళ్లు చెడ్డ కబురు దాచింది బాసే. ర్యాంకొస్తే సైకిలు, తొంభై శాతం దాటితే ఫోను అని మనం ఇచ్చే మాటలు ఎన్ని? కొనలేనప్పుడు "ఈ నెల కుదరదు నాన్నా" అని ముందుగా చెప్పేవాళ్లం ఎందరం?

టెడ్ లాసోను ఎంచుకున్నవాళ్లు తక్కువ, అయినా ఒక మాట. మొదటి రోజే జట్టు సామాన్లు చూసుకునే నేట్‌ను పేరడుగుతాడు. అంతవరకు అక్కడ ఎవరూ అడగలేదు. అదే నేట్ రెండో సీజన్ చివర్లో, ముందు నెత్తిన పెట్టుకుని తర్వాత నన్ను పట్టించుకోలేదని టెడ్‌ను నిలదీస్తాడు. అంత మంచివాడి దృష్టి నుంచి కూడా ఒకడు జారిపోయాడు. పదో తరగతిలో ఉన్న పెద్దపిల్ల చుట్టూ ఇల్లంతా తిరిగే సంవత్సరం, ఆరో తరగతి చిన్నవాణ్ని ఓసారి చూడండి.

ఇప్పుడు మన యాప్ సంగతి. యూనిట్ టెస్ట్ మార్కులు అప్‌లోడ్ చేసిన క్షణంలోనే మీ ఫోన్లు మోగుతాయి. అప్పటికి పిల్లలు ఇంకా స్కూలు బస్సులోనే ఉంటారు. బస్సు దిగేసరికి గేటు దగ్గర మీ ముఖం చూసి వాళ్లకు అర్థమైపోతుంది. "లెక్కల్లో తగ్గాయమ్మా" అని తమంతట తాము చెప్పే అవకాశం ఇవ్వకుండానే ఆ పని మేం చేసేశాం. పారదర్శకత కోసం పెట్టిన ఏర్పాటే, కాదనను. తల్లిదండ్రుల సంతకం కోసం ప్రోగ్రెస్ కార్డు నాలుగు రోజులు బ్యాగులో మగ్గే రోజులు మళ్లీ రావాలనీ అనను. కానీ ఇంట్లో చెడ్డ కబురు నోటితో చెప్పడం నేర్చుకోని పిల్లలు రేపు హాస్టల్లో ఏదైనా జరిగితే, ఎవడైనా బెదిరిస్తే, ఒంట్లో బాగోకపోతే ఎలా చెబుతారు? దానికి యాప్ లేదు.

మార్కుల మెసేజ్ ఒక రోజు ఆలస్యంగా వెళ్లేలా పెట్టమని మేనేజ్‌మెంట్‌ను అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఈలోపు మీరు చేయగలిగేది ఒకటుంది. ఈ నెల మార్కులు శుక్రవారం సాయంత్రం యాప్‌లో పడతాయి. చూడండి, చూసి ఫోను పక్కన పెట్టేయండి. ఆదివారం రాత్రి భోజనాల దాకా మీరుగా ఎత్తకండి. శనివారం అంతా నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోండి. సోమవారం డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి, పిల్లలే చెప్పారో, మీరే అడగాల్సి వచ్చిందో. మార్కులు ఎన్నో నాకు రాయక్కర్లేదు.