మెడలో గ్రంథి, మోకాలిలో నొప్పి

ఆరోగ్య శిక్షణ శిబిరాల్లో వినాళ గ్రంథుల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా అండాశయాలతో మొదలుపెట్టి గర్భసంచి దగ్గర ఆగిపోతాం. దీనికొక చరిత్ర ఉంది. హార్మోన్ అన్న మాట మన ఉద్యమంలోకి ఇంజెక్షన్ సూదితో పాటు వచ్చింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పోరాటం అవసరమైనదే. కానీ స్త్రీ శరీరమంటే పిల్లల్ని కనే అవయవాలేనన్న చూపును విమర్శిస్తూనే, మనం గోడకు తగిలించే పటాల్లో అదే చూపును మిగుల్చుకున్నాం.

నల్లగొండ జిల్లాలో ఒక శిబిరంలో, పారాథైరాయిడ్ గ్రంథులను పటం మీద చూపించి నేను ముందుకు వెళ్లిపోతుంటే వెనక కూర్చున్న ఒక పెద్దామె ఆపింది. "మెడల ఉన్నయి సరే బిడ్డా, నా మోకాళ్ల సంగతి జెప్పు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె అడిగిందే ఆనాటి పాఠం కావలసిందని తర్వాత తోచింది.

థైరాయిడ్ వెనక గింజలంత ఉండే ఈ నాలుగు గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాస్తాయి. తగ్గితే హార్మోన్ వదిలి ఎముకల్లోంచి లాగుతాయి. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరి గట్టిపడుతుంది. తిండిలో కాల్షియం కూడా లేకపోతే ఆ గ్రంథులు అదే పనిగా హార్మోన్ వదులుతూ ఎముకను గుల్ల చేస్తాయి. ఇదేమీ కొత్త సంగతి కాదు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఇక్కడ కాళ్లు వంకర తిరిగిన వారి రక్తంలో పారాథైరాయిడ్ హార్మోన్‌ను కూడా కొలిచారు.

మరి వరుస కాన్పులు, పాలివ్వడం? కడుపులో బిడ్డకూ చనుపాలకూ కాల్షియం తల్లి శరీరమే ఇవ్వాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే బియ్యంలో 10 మాత్రమే. రేషన్ దుకాణం ఇచ్చేది బియ్యం. దీనికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఇది 3.2 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఎముకకు ఉన్న ఆ కాస్త రక్షణా పోతుంది. పాలమూరు నుంచి వలసపోయే కూలి స్త్రీ ఏ ఊళ్లో పని ఉంటే ఆ ఊరి నీళ్లే తాగుతుంది. ఆమెను ఏ జిల్లా లెక్కల్లో రాస్తారు?

2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు తెచ్చింది. దశాబ్దాల పోరాటం తర్వాత వచ్చిన నీళ్లవి, మంచిదే. అయితే ఎముకల్లో అప్పటికే చేరిన ఫ్లోరైడ్ కుళాయి తిప్పగానే పోదు. నడివయసు దాటిన స్త్రీ నడుము నొప్పని వెళితే "వయసు" అనో "బలహీనత" అనో గోలీలిచ్చి పంపేయడం నేను చాలాసార్లు చూశాను.

అందుకని క్షేత్రంలో పనిచేస్తున్న మిత్రులకు ఒక కోరిక. స్త్రీల ఆరోగ్య వివరాలు రాసుకునేటప్పుడు నెలసరి, కాన్పుల కాలమ్‌లతో ఆపకండి. ఎన్నేళ్లు ఏ బోరు నీళ్లు తాగారు, ఎందరికి పాలిచ్చారు, ఏం తిన్నారు, ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీశారా లేదా, ఆ సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పారా అన్నది కూడా అడిగి రాయండి. ఆ కాగితాలతోనే ప్రాంతీయ ఆసుపత్రికి వెళ్లి కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు ఉచితంగా చేయమని అడుగుదాం. ఆ పెద్దామె పేరు జాబితాలో మొదట ఉంది.